చదవకుండా పెట్టిన సంతకం

ఈ వారం నేను ఎత్తుకున్న సంగతి ఏమిటో తెలిస్తే మీలో సగంమంది పేజీ తిప్పి సీరియల్ నవల దగ్గరికి వెళ్ళిపోతారని నాకు తెలుసు. వెళ్ళేవాళ్ళని ఆపను. వున్నవాళ్ళని మాత్రం కాస్త ఓపిక పట్టమని మనవి చేస్తున్నాను. ఎందుచేతనంటే, తెలుగులో ఎం. ఏ. చదివి, కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్న నేను, కిందటి శుక్రవారం రాత్రి పదిన్నర దాకా కూర్చుని, కంటికి కనిపించని ఒక స్విచ్చికి పెట్టిన పరీక్షని దిద్దాను. నేను దిద్దానంటే అతిశయోక్తి అవుతుంది. దిద్దేవాళ్ళ పక్కని కూర్చున్నాను. అయినా నాకు తగలవలసింది తగిలింది.

మా అక్కయ్య కూతురు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తోంది. నాలుగు రోజులు మా ఇంట్లో వుందామని వచ్చింది. వచ్చిందన్న మాటే గాని, ఆఫీసుని కూడా సంచిలో పెట్టుకునే వచ్చింది. పొద్దున్న కాఫీ తాగడంతోటే హాల్లో బల్ల దగ్గర కూర్చుంటుంది. చెవులకి ఏవో తగిలించుకుని ఎవరితోటో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మా ఆవిడ భోజనానికి మూడుసార్లు పిలిస్తే నాలుగోసారి లేస్తుంది.

శుక్రవారం సాయంత్రం నేను కాలేజీనుంచి వచ్చేసరికి నుదుటికి చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఏమిటే అమ్మాయీ, అంత దిగులుగా వున్నావు?" అన్నాను.

"ఏమీ లేదు మామయ్యా. ఒక పరీక్ష దిద్దాలి" అంది.

దిద్దడం అనే మాట వినేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే గదా! కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

సంగతి ఏమిటంటే, ఆమె కింద కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒక పరీక్ష రాశాడుట. మన పరీక్షల్లాగా మనుషులు కూర్చుని రాసేది కాదు. కంప్యూటరే ప్రశ్న అడుగుతుంది, కంప్యూటరే జవాబు చూసుకుంటుంది. ప్రతి రాత్రీ దానంతట అదే నడుస్తుంది. సరిగ్గా వుంటే పచ్చగుర్తు, తప్పయితే ఎర్రగుర్తు. పదకొండు ప్రశ్నలు రాశాడు. పదకొండూ పచ్చగా వచ్చాయి. దాన్ని ఈ పిల్ల చదివి, బాగుందని ఒప్పుకుంటే, రేపు పొద్దున్న అది పనిలో చేరుతుంది.

"పచ్చగా వచ్చాయంటున్నావు గదా, మరి దిగులెందుకు?"

"పచ్చగా వచ్చాయనే దిగులు" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పమని పట్టుపట్టాను. అప్పటికి మా ఆవిడ కూడా చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి కూర్చుంది.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు. 1973లో అమెరికాలో జిరాక్స్ వారి పరిశోధనాలయంలో మెట్‌కాఫ్, బాగ్స్ అనే ఇద్దరు దీనికి రూపం కల్పించారు. పంపే ప్రతి కబురునీ ఒక కవరులో పెడతారనుకోండి. కవరు మీద ముందు చేరవలసినవాడి చిరునామా 6 బైట్లు, తరవాత పంపినవాడి చిరునామా 6 బైట్లు వుంటాయి. ఈ కవర్లని అందుకుని ఎవరివి వారికి పంచిపెట్టే పెట్టె పేరు స్విచ్చి. మన గోడమీద దీపం వెలిగించే స్విచ్చి కాదు. ఇది పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్లలాంటిది.

ఇంతవరకూ బాగానే వుంది. ఒకే స్విచ్చికి రెండు ఆఫీసులవాళ్ళు తగులుకుంటే? ఒకరి కబురు రెండోవారికి తెలియకూడదు. అల్లా అని చెరొక పెట్టె కొనాలంటే డబ్బు. అందుకని కవరు మీద ఒక చీటీ అంటించే ఏర్పాటు చేశారు. ఆ చీటీనే ట్యాగు అంటారు, ఆ చీటీతో ఏర్పడే వాటాని వీలాన్ అంటారు. దీనికి 1998లో 802.1క్యూ అనే పేరుతో ఒక ప్రమాణం వెలువడింది. చీటీ మొత్తం 4 బైట్లు. పంపినవాడి చిరునామా తరవాత దాన్ని దూరుస్తారు. మొదటి రెండు బైట్లూ ఇది చీటీ అని చెప్పే గుర్తు. మిగిలిన రెండింటిలో 3 బిట్లు తొందర ఎంతో చెబుతాయి. 1 బిట్టు, రద్దీ ఎక్కువైనప్పుడు ముందుగా పారెయ్యవచ్చునో లేదో చెబుతుంది. తక్కిన 12 బిట్లే వాటా నంబరు. పన్నెండు బిట్లతో 4096 నంబర్లు వస్తాయి. అందులో మొదటిదీ చివరిదీ తీసేస్తే వాడుకోవడానికి 4094.

"నాకు ఈ బిట్లూ బైట్లూ వద్దే" అంది మా ఆవిడ. "మన కల్యాణమండపంలో మొన్న ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు జరిగాయి చూడు. గుమ్మంలో ఒకరికి ఎర్ర రిబ్బను, ఒకరికి నీలం రిబ్బను పెట్టారు. అదేనా?"

"అచ్చంగా అదే అత్తయ్యా!" అంది పిల్ల.

నిజంగా అదే. చుట్టాలకి తమకి రిబ్బనుందన్న ధ్యాస కూడా వుండదు. గుమ్మంలో పెడతారు, వెళ్ళేటప్పుడు తీసేస్తారు. ఇల్లాంటి గుమ్మాన్ని యాక్సెస్ పోర్టు అంటారుట. రెండు మండపాల మధ్య నడిచే బస్సులో రెండు పెళ్ళిళ్ళవాళ్ళూ కలిసే వెళతారు. అంచేత అక్కడ రిబ్బను తియ్యకూడదు. దానికి ట్రంకు పోర్టు అని పేరు.

ఇక లేని స్విచ్చి సంగతి. ఈ రోజుల్లో ఒక పెద్ద కంప్యూటరులోనే పదులకొద్దీ కంప్యూటర్లు వున్నట్టు నడిపిస్తారు. అవన్నీ మాట్లాడుకోవడానికి లోపలే ఒక స్విచ్చి కావాలి. పెట్టె వుండదు, తీగె వుండదు, అంతా ప్రోగ్రామే. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల ఓపెన్ వీస్విచ్ అనేది ఇల్లాంటిది. 2009లో వెలువడింది. 2012లో లినక్స్ 3.3లో దాని ముఖ్యభాగాన్ని చేర్చారు. అందులో ఒక తమాషా వున్నది. గుమ్మానికి ఏ నంబరూ పెట్టకుండా వదిలేస్తే అది మూసుకుపోదు. అన్ని రిబ్బన్లవాళ్ళనీ రానిచ్చే ట్రంకు గుమ్మం అవుతుంది. అంటే నంబరు పెట్టడం మరిచిపోవడమూ, తలుపు బార్లా తెరిచిపెట్టడమూ ఒకటే. అందుకే ఇల్లాంటి స్విచ్చి పెట్టుకున్నవాళ్ళు దాన్ని పరీక్షించుకుంటూ వుండాలి. మా మేనకోడలి ఆఫీసువాళ్ళు నడిపే యంత్రాలలో ఒకదానిమీదే ఒక ఆస్పత్రి రోగుల కాగితాలూ, ఒక దుకాణం లెక్కలూ పక్కపక్కన వుండవచ్చును. దుకాణంవాడి తెరమీద ఎవరి రక్తపరీక్షో కనబడితే ఏమవుతుందో మీరే వూహించుకోండి.

కుర్రాడి పరీక్షలో మూడు గుమ్మాలున్నాయి. మొదటిదీ రెండోదీ 10వ నంబరు వాటా. మూడోది 20వ నంబరు వాటా. ఇవి కాక ఒక ట్రంకు. మొదటి గుమ్మంలోనుంచి కబురు పంపితే రెండోదానికి చేరాలి, మూడోదానికి చేరకూడదు, ట్రంకులోకి చీటీతో వెళ్ళాలి. పదకొండు ప్రశ్నల్లో నాలుగు "చేరాలి" అనేవి. ఏడు "చేరకూడదు" అనేవి. చేరకూడదు అనే ప్రశ్నకి ఆ కుర్రాడు రాసిన పద్ధతి ఇది: కబురు పంపు, మూడో గుమ్మం దగ్గర రెండు సెకన్లు కాచుకో, ఏమీ రాకపోతే పచ్చ.

నాకు బాగానే వున్నట్టు తోచింది. అమ్మాయి మా ఆవిడ వైపు చూసి, "అత్తయ్యా, నీలం రిబ్బనువాళ్ళ పంక్తిలో ఎర్ర రిబ్బనువాళ్ళు ఒక్కరూ లేరని వంటవాడు చెప్పాడనుకో. గుమ్మంలో కాపలా బాగా వున్నట్టేనా?" అని అడిగింది.

మా ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "అసలు ఎర్ర రిబ్బనువాళ్ళు ఆ వేళకి పెళ్ళికి వచ్చారా?" అంది.

నేను నోరు తెరిచాను. ప్రశ్న అంత సులువుగా వుంది, నాకు తోచలేదు.

"అదీ సంగతి" అంటూ మా మేనకోడలు చకచకా ఏదో కొట్టింది. తన దగ్గరున్న ప్రయోగపు యంత్రంలో ఆ స్విచ్చిని పూర్తిగా ఆపేసింది. ఆపేసి, పరీక్ష నడిపింది. చేరాలి అనే నాలుగూ ఎర్రబడ్డాయి. చేరకూడదు అనే ఏడూ పచ్చగా నవ్వుతూ కూర్చున్నాయి! స్విచ్చే లేదు, కబురే పోలేదు, కాపలా మాత్రం బ్రహ్మాండంగా వుందని ఏడు పచ్చగుర్తులు.

స్విచ్చి ఆగిపోయిన రోజున ఆ నాలుగు ఎర్రగుర్తులు చూసి ఎవరైనా పట్టుకుంటారు. కాని పంపే కబురు ఒక్కటే దారిలో జారిపోయిన రోజునో, గుమ్మం తెరుచుకోకముందే పంపేసిన రోజునో ఈ ఏడింటి పచ్చదనానికి విలువేమిటి? అందుచేత ఏం చెయ్యాలంటే, కబురు పంపినప్పుడు అది ముందు రెండో గుమ్మానికి చేరినట్టు రూఢి చేసుకోవాలి. చేరాక, ఆ కబురే మూడోదానికి చేరలేదని చూడాలి. అంతటితో ఆగకుండా, కావాలని మూడో గుమ్మానికి 10 నంబరు పెట్టి, పరీక్ష ఎర్రబడుతుందో లేదో ఒకసారి చూడాలి. తప్పు చేసినప్పుడు అరవని కాపలాదారు ఎందుకు?

ఇంకా చదివిన కొద్దీ ఇంకా బయటపడ్డాయి. ట్రంకులోకి వెళ్ళిన కవరు మీద చీటీ వున్నదా అనే ప్రశ్న మొదట రాసి, తరవాత కుర్రాడు కొట్టేశాడు. ఎందుకు కొట్టేశాడంటే, ఎప్పుడు చూసినా చీటీ కనబడలేదుట. చీటీ లేక కాదు. లినక్స్ కవరు అందుకోగానే చీటీని వూడదీసి పక్కన వేరే రాసి వుంచుకుంటుంది. కవరుని మాత్రమే చూసేవాడికి అది కనబడదు. పక్కన రాసిన సంగతి కూడా ఇమ్మని అడగాలి. ఆ మాట తెలియక, జవాబు తప్పొస్తోందని ప్రశ్ననే తీసేశాడు. మా కాలేజీలో పిల్లలు కష్టమైన ప్రశ్న వదిలేస్తారు. వాళ్ళకి ప్రశ్నపత్రంలోంచి తీసేసే వీలుంటే వాళ్ళూ అదే చేసేవారు.

నంబర్లు చూడండి. 10, 20 తప్ప మరొకటి లేదు. పన్నెండు బిట్లు వుండవలసిన చోట పొరపాటున ఎనిమిది బిట్లే దాచుకునే ప్రోగ్రాము ఒకటి వున్నదనుకుంటే, దానికి 266 కూడా 10 లాగానే కనిపిస్తుంది. 256లో 10 కలిపితే 266 గదా! చిన్న నంబర్లతో వెయ్యేళ్ళు పరీక్షించినా ఆ తప్పు బయటపడదు. సున్నా నంబరు వుంది. దానికి వాటా ఏదీ లేదు, తొందర ఎంతో మాత్రమే చెబుతుందని అర్థం. అది వచ్చినప్పుడు స్విచ్చి ఏం చెయ్యాలో ఒక ప్రశ్న వుండాలి. చివరిది 4095. దాన్ని వాడకూడదు.

అన్నిటికన్నా నాకు నచ్చినది కవరు పొడుగు సంగతి. మామూలు కవరు ఎంత పెద్దదైనా 1518 బైట్లు దాటకూడదు. చీటీ అంటిస్తే 1522 అవుతుంది. దారిలో ఎక్కడైనా 1518కే తెరిచిన సందు వుంటే చిన్న కవర్లన్నీ హాయిగా వెళ్ళిపోతాయి, నిండు కవరు ఇరుక్కుంటుంది. వాడేవాళ్ళకి కబుర్లు వెళుతూనే వుంటాయి, పెద్ద ఫైలు పంపితే మధ్యలో ఆగిపోతుంది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. కుర్రాడు పంపినవన్నీ చిన్న కవర్లే.

గంట తొమ్మిది కొట్టింది. అమ్మాయి వెనక్కి వాలి, "ఏం చెయ్యను మామయ్యా? రేపు పొద్దున్నే ఇది కావాలని మా పెద్దాయన కూర్చున్నాడు. 'పదకొండూ పచ్చగానే వున్నాయి గదా, ఒకసారి పైపైన చూసి ఒప్పేసుకో' అన్నాడు. ఆ కుర్రాడికిది మొదటి పని. వచ్చే నెలలో వాణ్ణి ఖాయం చెయ్యాలి. ఇప్పుడు నేను ఇది పనికిరాదంటే వాడి మీద మచ్చ. అననంటే..." అని ఆగిపోయింది.

ఆ మాట ఆగినచోట నాకొకటి జ్ఞాపకం వచ్చింది. ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పని సంగతి. ఆ రాత్రి ఇద్దరికీ చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

పన్నెండేళ్ళ క్రితం డిగ్రీ పేపర్ల వాల్యుయేషన్‌లో నన్ను చీఫ్ ఎగ్జామినరుగా వేశారు. కింద ఆరుగురు దిద్దుతారు. వాళ్ళు దిద్దిన కట్టల్లోంచి కొన్ని పేపర్లు తీసి, నేను మళ్ళీ చదివి, పచ్చసిరాతో సంతకం చెయ్యాలి. మే నెల. పంకా తిరగడంలేదు. అందరికీ బస్సులకి వేళయింది. ఆఖరి కట్ట దిద్దిన ఆయన నాకన్నా పెద్దవాడు, అనుభవజ్ఞుడు. ఆయన పేపరు మళ్ళీ చదవడం ఆయన్ని అవమానించినట్టు అవుతుందేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, బస్సు సంగతి కూడా అనుకున్నాను. పేపర్లు తెరవకుండానే పైమీద సంతకాలు పెట్టుకుంటూ పోయాను.

అందులో ఒక పేపరుకి వెనకాల అడిషనల్ షీటు కట్టి వుంది. దానిమీద ఒక జవాబు పూర్తిగా రాసి వుంది. దిద్దినాయన చూడలేదు. చూడవలసిన నేను చదవలేదు. ఆ కుర్రాడు రెండు మార్కులు తక్కువై తప్పాడు. రీవాల్యుయేషన్‌కి కట్టుకుని, ఫలితం మారి, పాసయ్యాడు. కాని ఆ కాగితం చేతికి వచ్చేసరికి పి.జి.లో సీట్లు అయిపోయాయి. ఒక సంవత్సరం పోయింది. ఆ పేపరు బయటికి తీసి నాకు చూపించినప్పుడు పైన నా పచ్చసంతకం ముత్యంలాగ వుంది. నన్నెవరూ ఒక మాట కూడా అనలేదు. ఆ కుర్రాడు ఎవరో, ఏ వూరివాడో కూడా నాకు తెలియదు. పేపరు మీద పేరుండదు గదా!

చెప్పడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"అయితే పనికిరాదనే రాస్తాను" అంది మా మేనకోడలు.

ఇక్కడ మాత్రం నా తెలుగు ఎం. ఏ. కొంచెం పనికివచ్చింది. "పనికిరాదు అని రాస్తే వాడికేం తెలుస్తుంది? పిల్లల పేపరు మీద 'పేలవం' అని రాస్తే పేలవం ఎందుకైందో వాడికి తెలియదు, మనమీద కోపం మాత్రం వస్తుంది. వాడి చేతే చూపించు" అన్నాను.

కాసేపు ఆలోచించి రెండే ముక్కలు రాసింది. "స్విచ్చి ఆపేసి ఒకసారి నడిపి చూడు. ఏం కనిపించిందో నాకు చెప్పు" అని. మిగిలిన సంగతులు వరసగా కింద రాసింది. చీటీ సంగతి దగ్గర, తనుకూడా మొదట్లో ఆ చోటనే ఒక రోజంతా పోగొట్టుకున్నానని రాసింది. అది నేను చెప్పింది కాదు, తన బుద్ధికి తోచిందే. తరవాత పెద్దాయనకి వేరే రాసింది, రేపటికి కాదని.

అరగంటలో కుర్రాడే ఫోను చేశాడు. గొంతు వింటే ఇరవై రెండేళ్ళకి మించి వుండవు. "అక్కా, ఏడూ పచ్చగానే వున్నాయక్కా!" అంటున్నాడు. ఆ గొంతులో కోపం లేదు. దయ్యాన్ని చూసినవాడి ఆశ్చర్యం వుంది.

పెద్దాయన ఏమన్నాడంటారా? శనివారం పొద్దున్న ఫోనులో చాలాసేపు అన్నాడు. పిల్ల నుంచుని, "అవునండీ, అవునండీ, కాని కాదండీ" అంటూ వింది. చివరికి మంగళవారం దాకా గడువు ఇచ్చాడు.

సోమవారం రాత్రి కొత్త పరీక్ష నడిచింది. ప్రశ్నలు పదకొండు కాస్తా పంతొమ్మిది అయ్యాయి. పద్దెనిమిది పచ్చ, ఒకటి ఎరుపు. ఎర్రబడ్డది నిండు కవరు. ట్రంకు దారిలో ఒక మలుపు దగ్గర ఎవరో 1518కే సందు వదిలారు. తప్పు స్విచ్చిది కాదు, దాని పక్కనున్న అమరికది. కాని ఆ అమరికే రేపు వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళబోతోంది. దాన్ని సరిచెయ్యడానికి పట్టింది పది నిమిషాలుట.

డైక్‌స్ట్రా అనే డచ్చి పండితుడు 1969లో రోము నగరంలో జరిగిన ఒక సమావేశంలో ఒక మాట అన్నాడని మా మేనకోడలు చెప్పింది. పరీక్షలవల్ల తప్పులు వున్నాయని తేలుతుందే గాని, లేవని తేలదని దాని సారాంశం. అంచేత ఆ పంతొమ్మిది పచ్చబడినా అంతా భద్రమని అర్థం కాదు. ఆ పంతొమ్మిది ప్రశ్నలకీ నిజంగా జవాబు అడిగారని మాత్రమే అర్థం. అదైనా తక్కువ కాదు.

బుధవారం సాయంత్రం అమ్మాయి హైదరాబాదు వెళ్ళిపోయింది. మా ఆవిడ సున్నుండలు కట్టి ఇస్తూ, "ఆ కుర్రాడిక్కూడా నాలుగు ఇవ్వవే" అంది. వాణ్ణి ఖాయం చేస్తారో లేదో ఇంకా తెలియలేదు. చేస్తారనే పిల్ల అంటోంది.

వచ్చే నెల వాల్యుయేషన్‌కి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. ఈసారీ చీఫ్ ఎగ్జామినరే. ఆఖరి బస్సు ఎన్ని గంటలకో కనుక్కోమని మా ఆవిడ నిన్న గుర్తు చేసింది. కనుక్కోనన్నాను. ఆ వూళ్ళో మా తమ్ముడు వున్నాడు. రాత్రికి వాళ్ళింట్లో పడుకుంటానని వాడికి అప్పుడే ఉత్తరం రాసేశాను.